తలుపు వెనక నిలబడేవాడు

మా వాడికి మూడేళ్లు నిండాయి. ఉచ్చకు తానే పరుగెత్తుతాడు. కక్క వస్తే మాత్రం తలుపు వెనక్కి వెళ్లి, కాళ్లు మెలిపెట్టి, మొహం ఎర్రగా చేసుకుని బిగబట్టుకుంటాడు. మొండితనమనుకుని రెండుసార్లు కసిరాను కూడా. ఆ పాపం నాదే. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పుట్టిందట. ఆ భయంతో ఆపుకుంటున్నాడని, ఆపుకున్నకొద్దీ లోపల ఇంకా గట్టిపడుతుందని పిల్లల డాక్టరు చెప్పాకే తెలిసింది.

ఆయన రాసిన మందు రోజూ వేస్తున్నాం. కడుపు నిండితే పేగులు కదులుతాయి కాబట్టి, అన్నం తిన్న కాసేపటికి కూర్చోబెడుతున్నాం. కాళ్లు గాల్లో వేలాడితే ముక్కడానికి పట్టు దొరకదు, అందుకని కింద పీట వేశాను. అది అమ్మ పూజకు కూర్చునే పీట! అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు బజారుకు వెళ్లి ఇంకొకటి తెచ్చుకుంది.

నిన్న రాత్రి మళ్లీ నిక్కరులోనే అయింది. "అమ్మా, కోపమా?" అన్నాడు. "లేదు నాన్నా, పద, కడుక్కుందాం" అన్నాను. గొంతు మామూలుగా ఉంచడానికి ఎంత కష్టపడ్డానో ఆ బకెట్టుకే తెలుసు.

ఈ ఉదయం పీట మీద పాదాలు ఆనించి, నా చూపుడువేలు గట్టిగా పట్టుకుని, "నువ్వు అటు తిరుగు" అన్నాడు.

తిరిగాను.