ఐ-20 ఏ బ్యాగులో ఉంది?

"ఐ-20 ఎక్కడ పెట్టావురా?" అని, అమెరికాలో చదువుకోవడానికి అక్కడి యూనివర్సిటీ ఇచ్చిన పత్రం గురించి అడిగితే, తమ్ముడు పెద్ద సూట్‌కేసు చూపించాడు. తూకం చూసి తాళం వేసేసినది. సరిగ్గా 23 కిలోలు.

మళ్లీ విప్పించాను. అమ్మ పెట్టిన కందిపొడి ప్యాకెట్ల కింద ఉంది కవరు.

షికాగోలో దిగగానే ముందు ఇమ్మిగ్రేషన్, ఆ తర్వాతే లగేజీ. ఆఫీసర్ అడిగేసరికి అది చేతిలో ఉండాలి కదా! పెట్టెలు తీసుకుని, మళ్లీ అప్పగించి, ఇంకో ఫ్లైట్ ఎక్కాలి. అందుకే రెండు గంటల గ్యాప్ ఉన్న టికెట్ వద్దని నాలుగు గంటలది తీసుకున్నాం. నా టెన్షనంతా అక్కడే. వాడికి విమానం ఎక్కడమే మొదటిసారి.

కవరు ఇప్పుడు వాడి భుజానికి తగిలించుకునే బ్యాగులో ఉంది. అమ్మ కందిపొడి మళ్లీ సర్దుతోంది, ఏమీ మాట్లాడకుండా.