మోడల్ చూపే కొలత, బిల్లుకెక్కే కొలత

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో నేను పనిచేసే ఆఫీసులో అపార్ట్‌మెంట్ల ఎస్టిమేట్లన్నీ ఇప్పుడు రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో కట్టిన త్రీడీ భవన మోడల్ నుంచే మొదలవుతున్నాయి. మోడల్ తయారుచేసే పట్టిక, అంటే షెడ్యూలు, తెరవగానే గోడల వైశాల్యం, కాంక్రీటు ఘనపరిమాణం కళ్లముందుకు వస్తాయి కనుక, డ్రాయింగుల మీద స్కేలు పెట్టి లెక్కలు కట్టే బాధ తప్పిందని మా కుర్రాళ్లు సంబరపడుతుంటారు. అది సబబే. అయితే మోడల్ ఇచ్చేది ఆకారపు కొలత. బిల్లుకు కావలసింది ఐ.ఎస్. 1200 (భవన నిర్మాణ పనులను ఎలా కొలవాలో చెప్పే భారతీయ ప్రమాణం) ప్రకారం కట్టిన కొలత.

ప్లాస్టరింగు దగ్గర ఈ తేడా బాగా బయటపడుతుంది. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు గల గోడలో 1.5 × 1.2 మీటర్ల కిటికీ ఉంటే, మోడల్ ఆ 1.8 చదరపు మీటర్లను రెండు వైపులా తీసేసి మొత్తం 20.4 అని చూపిస్తుంది. ఐ.ఎస్. 1200 పన్నెండో భాగం ప్రకారం 0.5 చదరపు మీటర్లకు మించని ఖాళీలకు తగ్గింపే లేదు. ఆపైన 3 చదరపు మీటర్ల దాకా ఒక్క వైపే తగ్గించాలి కనుక, అదే గోడకు 22.2 వస్తుంది. కిటికీ పక్కలకు, పైకి, అడుగుకు చేసే పూతను విడిగా కొలవరు, తగ్గించని ఆ రెండో వైపు దానికి చెల్లు. ఇలాంటి కిటికీలు 200 ఉన్నాయంటే తేడా 360 చదరపు మీటర్లు. అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ పని పట్టిన మేస్త్రీ ఒకాయన మోడల్ లెక్క చూసి, "కిటికీ పక్కలు గాలొచ్చి పూసిపోయిందా సార్?" అని అడిగాడు. నిబంధన సారమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

కాంక్రీటులో చిక్కు వేరు. 150 మి.మీ. స్లాబు, 230 మి.మీ. వెడల్పు బీము ఒకదానిలో ఒకటి చొచ్చుకుని, మోడల్లో జాయిన్ కాకుండా (ఒకటిగా కలపకుండా) ఉండిపోతే, బీము పొడవులో మీటరుకు 0.0345 ఘనపు మీటర్లు రెండుసార్లు లెక్కకు వస్తాయి. స్టీలును మోడల్లో గీయనప్పుడు బార్ బెండింగ్ షెడ్యూలే (ఏ కడ్డీ ఎంత పొడవు, ఎలా వంచాలో రాసే పట్టిక) దిక్కు.

గోడ స్థూల వైశాల్యం నుంచి నికర వైశాల్యం తీసేస్తే ఖాళీల మొత్తం తెలుస్తుందే గాని, ఏ ఖాళీ ఎంతో తెలియదు. నిబంధన మాత్రం ఒక్కొక్క ఖాళీకి వర్తిస్తుంది. అందుకే నేను తలుపులు, కిటికీల షెడ్యూలును విడిగా ఎక్సెల్‌లోకి తీసుకుని, వరుసవారీగా తగ్గింపు కడతాను. తలుపు, కిటికీ పెట్టకుండా గోడ ప్రొఫైలు (అంచు గీత) మార్చి కోసిన ఖాళీలు ఆ షెడ్యూలులో కనబడవు. వాటిని మోడల్ తిప్పి చూసే పట్టుకోవాలి.