పిల్లల ఆటలకి పోకీల డబ్బు అక్కర్లేదు

సిడ్నీ పశ్చిమాన, వెంట్‌వర్త్‌విల్, బ్లాక్‌టౌన్ వైపు ఉండే మన తెలుగువాళ్ళకి క్లబ్బుల గురించి చెప్పక్కర్లేదు. పుట్టినరోజు భోజనాలు అక్కడే, సంఘం మీటింగులకి హాలూ అక్కడే, మావాడి క్రికెట్ జెర్సీ మీద పేరు కూడా ఒక క్లబ్బుదే. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు పోకీల, అంటే డబ్బు వేసి ఆడే జూదం మిషన్ల గదిలోకి వెళ్ళకూడదు, నిజమే, కానీ ఆ మోత మాత్రం మేం భోంచేసే టేబుల్ దాకా వినబడుతుంది.

"అమ్మా, తాతయ్య పేకాట తప్పంటారు కదా, మరి ఇక్కడ పెద్దవాళ్ళందరూ ఆడతారేంటి?" అని వాడు అడిగాడు. మన పద్ధతి వేరు, వీళ్ళ పద్ధతి వేరు అని తేల్చేయడం నాకు నచ్చదు, ఎందుకంటే ఈ పోకీల మీద కోపం ఉన్న ఆస్ట్రేలియన్లు బోలెడుమంది. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పాను. న్యూసౌత్‌వేల్స్ క్లబ్బుల్లో ఇవి 1956లో చట్టబద్ధమయ్యాయి. 2010లో ఎంపీ ఆండ్రూ విల్కీ మద్దతు కోసం ప్రధాని జూలియా గిల్లార్డ్ ఒక మాటిచ్చారు, ఆడేవాళ్ళు ఎంతవరకు పోగొట్టుకోగలరో ముందే హద్దు పెట్టుకోవాలనే నిబంధన తెస్తామని. క్లబ్బులు ఊరుకోలేదు, ఇది ఆస్ట్రేలియా తీరే కాదంటూ పెద్ద ప్రచారం నడిపాయి, 2012 జనవరిలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

వాళ్ళ వాదన ఎప్పుడూ ఒకటే, ఆంక్షలు పెడితే మీ పిల్లల ఆటలకి డబ్బు రాదు అని. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పోకీల్లో పోయే సొమ్ములో సుమారు 40 శాతం, జూదం వల్ల జీవితం దెబ్బతిన్నవాళ్ళదేనని 2010లో ప్రభుత్వానికి సలహాలిచ్చే ప్రొడక్టివిటీ కమిషన్ అంచనా వేసింది. అంటే ఎవరి ఇంటి అద్దో, ఎవరి పిల్లల స్కూలు ఫీజో మావాడి జెర్సీలోకి వస్తోందన్నమాట! వెస్టర్న్ ఆస్ట్రేలియాలో పెర్త్ కాసినోలో తప్ప పోకీలు లేవు, అక్కడి పిల్లలు క్రికెట్ మానేశారా, ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) మానేశారా?

క్లబ్బుల్లో పనిచేసేవాళ్ళు మంచివాళ్ళే, వయసుపైబడినవాళ్ళకి అది నలుగురు కలిసే చోటు, అది పోవాలని నేను అనను. నగదు బదులు కార్డు, దాని మీద తప్పనిసరి హద్దు, ఇంతే అడుగుతున్నాం. ఈసారి ఉగాదికి కౌన్సిల్ హాలు తీసుకుందామని మా సంఘంలో అడిగాను, అద్దె ఎక్కువైతే తలా కొంత వేసుకుందామని కూడా చెప్పాను. మావాడి టీమ్ పేరెంట్స్‌తోనూ జెర్సీ స్పాన్సర్ గురించి మాట్లాడుతున్నాను. కొందరికి నచ్చలేదు, అయినా ప్రతి మీటింగులో అడుగుతూనే ఉంటాను.