తపస్సు కాలంలో కొన్ని ఆలోచనలు

ఈస్టరుకు ముందు క్రైస్తవులు పశ్చాత్తాపంతో గడిపే రోజులే తపస్సు కాలం. అది మొదలయ్యే విభూది బుధవారం నాడు గుడిలో గురువు (ఫాదర్) నుదుట బూడిదతో సిలువ గుర్తు వేసినప్పటి నుంచి నా మనసు ఒకే విషయం చుట్టూ తిరుగుతోంది. సంప్రదాయం ప్రకారం ఆ బూడిద కిందటి ఏడాది, యేసు యెరూషలేము ప్రవేశాన్ని స్మరించే మట్టల ఆదివారం నాడు, జయధ్వానాలతో మనం చేతపట్టిన మట్టలను కాల్చి చేసినదే కాబట్టి, నిరుడు మనం పలికిన జయధ్వానమే ఈ ఏడాది పశ్చాత్తాపమై మన నుదుటికి చేరుతోంది.

కతోలిక నియమం ఉపవాసాన్ని విధిగా కోరేది విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) రెండు రోజులే. ఆదివారాలు పోను 40 రోజుల్లో మిగిలినదాన్ని చాలావరకు మన ప్రేమకే వదిలిపెట్టింది. శుక్రవారం మాంసం మాని వంజరం పులుసు వండుకుంటే నియమం చెడదు. కాని సముద్రం ఒడ్డున, అందులోనూ విశాఖలో, అది త్యాగమని చెప్పుకోవడానికి నాకు మనసొప్పదు. అందుకే మా ఇంట్లో ఈ రోజుల్లో చేపలు కూడా మానేసి, మిగిలిన డబ్బును కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర రోగుల వెంట వచ్చినవారి భోజనానికి ఇస్తున్నాము.

సాయంత్రం మా విచారణ (మా ప్రాంత కతోలిక సంఘం) గుడిలో, సిలువ మోస్తూ యేసు నడిచిన దారిని స్థలం స్థలంగా ధ్యానించే సిలువ మార్గం ప్రార్థన జరుగుతుంది. 14 స్థలాల్లో ప్రభువు మూడుసార్లు కింద పడతారు. ఆయన మూడోసారి పడే తొమ్మిదో స్థలం దగ్గర, మోకాళ్ల నొప్పులున్న వృద్ధులు సైతం బల్లను పట్టుకొని మళ్లీ మోకరించడం చూస్తుంటే, ప్రార్థన శరీరంతో కూడా చేసేదని నాకు స్పష్టంగా తెలుస్తుంది. వచ్చే శుక్రవారం నుంచి మా పిల్లలు కూడా ఒక్కో స్థలం ప్రార్థన చదవబోతున్నారు.