అమ్మకి ట్యాబ్ కొన్న శనివారం

నిన్న రాత్రి హైదరాబాద్‌లో రైలెక్కేటప్పుడే అనుకున్నాను, ఈసారి అమ్మకి ట్యాబ్ కొనిచ్చాకే తెనాలి నుంచి కదలాలని. మూడు నెలలుగా ఆ మాట వాయిదా పడుతోంది. ఫోన్లో అడిగినప్పుడల్లా "చూస్తున్నానమ్మా" అనేదాన్ని. చూడటం నిజమే. రాత్రిళ్ళు కూర్చుని ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది, ధర ఎంత అని కాగితం నిండా రాసుకున్నాను. ఆ కాగితం మీద అమ్మ చేతుల గురించి గానీ, కళ్ళ గురించి గానీ ఒక్క మాట లేదని ఇవాళ కొట్లో నిలబడ్డాక తెలిసింది.

అమ్మకి 74 ఏళ్ళు. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. దూరం బాగానే కనిపిస్తుంది, చదవాలంటే అద్దాలు పెట్టుకోవాలి. చేతిలో కీప్యాడ్ ఫోను, అది మార్చనంటుంది. ట్యాబ్ ఎందుకమ్మా అని అడిగితే, వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. ఒకటి, డల్లాస్‌లో ఉన్న తమ్ముడి పిల్లలు. రెండు, పెన్షన్ కాగితం. మూడోది చెప్పడానికి కాస్త మొహమాటపడింది. "చిన్నప్పటి పుస్తకాలు, నువ్వు ఆ రోజు చూపించావే, అవి."

మా తాతయ్య వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళని వారం వారం జాగ్రత్తగా విడదీసి, పూర్తయ్యాక బైండు చేయించేవాడు. లోపలి అట్ట మీద మొదటి వారం తేదీ, చివరి వారం తేదీ తన దస్తూరీతో రాసేవాడు. అమ్మ కాపురానికి వచ్చేటప్పుడు వాటిని ట్రంకు పెట్టెలో పెట్టి తెచ్చుకుంది. కొన్నిటిని చదివి ఇస్తామని పట్టుకెళ్ళినవాళ్ళు తిరిగివ్వలేదు. మిగతావి పెంకుటింట్లో ఉండగా చెదలకి పోయాయి. పోయినసారి వచ్చినప్పుడు నా ల్యాప్‌టాప్‌లో, పాత పుస్తకాలు ఉచితంగా దొరికే ఆర్కైవ్ డాట్ ఆర్గ్ సైటు తెరిచి, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు చూపించాను. ప్రెస్ అకాడమీ వాళ్ళు దాచిపెట్టిన ఆంధ్రపత్రిక పాత సంచికలూ చూపించాను. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇవి మనింట్లో ఉంచుకోవచ్చా?" అని అడిగింది. అప్పటినుంచీ నేను వాయిదా వేస్తున్నది ఆ ప్రశ్నకి జవాబునే.

పొద్దున పదకొండింటికి బోసు రోడ్డులో కొట్టుకి వెళ్ళాం. అమ్మ చేతిసంచిలో కళ్ళజోడు, మంచినీళ్ళ సీసాతో పాటు ఒక పాత నవల కూడా పెట్టుకుంది. దారిలో చదవడానికేమో అనుకున్నాను.

కౌంటర్లో కుర్రవాడు ఓపికమంతుడు. సామ్‌సంగ్‌లోనే రెండు తీసి ముందు పెట్టాడు. ఒకటి ఏ9, తెర 8.7 అంగుళాలు, బరువు 332 గ్రాములు. రెండోది ఏ9 ప్లస్, తెర 11 అంగుళాలు, 480 గ్రాములు. నేను ముందే చిన్నదానికి ఓటేసి ఉన్నాను. అమ్మ మణికట్టు నొప్పి నాకు తెలుసు, తేలిగ్గా ఉంటే చాలని నా లెక్క. అమ్మ రెండిటినీ చెరో చేత్తో ఎత్తి చూసి, "ఇది అరకిలో చింతపండు పొట్లమంత ఉంది" అని పెద్దదాన్ని కింద పెట్టింది. సరే, అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు సంచిలోంచి నవల తీసింది. దాన్ని చిన్న ట్యాబ్ తెర మీద ఆనించింది. పుస్తకం నాలుగు వైపులా బయటికి వచ్చేసింది. పెద్దదాని మీద పెట్టింది. దాదాపు సరిపోయింది, పైనా కిందా కాస్త చోటు కూడా మిగిలింది.

నేను నెలల తరబడి చూసిన ఏ పట్టికలోనూ ఈ సంగతి లేదు. మన నవలలు ఎక్కువగా డెమీ 1/8 సైజు, అంటే అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు. పదకొండు అంగుళాల తెరని నిలువుగా పట్టుకుంటే వెడల్పు 5.8 అంగుళాలు వస్తుంది, చిన్నదానికి నాలుగున్నర కూడా రాదు. స్కాన్ చేసిన పుస్తకంలో పేజీ అంటే బొమ్మ. వార్తల యాప్‌లోలాగా అక్షరం పెంచుకుంటే వరసలు సర్దుకోవు. చిన్న తెర మీద పేజీ కుదించుకుపోతుంది, పెద్దది చేస్తే వరస సగం పక్కకి పోతుంది, ప్రతి వరసకీ వేలితో అటూ ఇటూ జరుపుకోవాలి. అందులోనూ తెలుగు అక్షరం. కిందనున్న వత్తు కనపడకపోతే మాటే మారిపోతుంది. తన కళ్ళకి ఏం కావాలో అమ్మ ఒక పుస్తకం పెట్టి తేల్చేసింది.

"మరి బరువో?" అన్నాను.

"చేత్తో ఎవరు పట్టుకుంటారే? వ్యాసపీఠం లేదూ!"

భాగవతం చదువుకునే వ్యాసపీఠం. నాన్నగారు చేయించిన టేకుది. ఎన్నేళ్ళుగానో వసారాలో అమ్మ పీట ఎదురుగా ఉంటోంది. నాకు స్టాండు కవర్లూ, మడత కవర్లూ గుర్తొచ్చాయి గానీ అది తట్టలేదు.

పెద్దది తీసుకోవడానికి ఇంకో కారణం కూడా కలిసొచ్చింది. నాన్నగారిది రైల్వే ఉద్యోగం, అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, ఏటా నవంబరులో బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. పోయిన ఏడాది బ్యాంకులో రెండు గంటలు నిలబడింది. మిషన్ వేలిముద్ర తీసుకోలేదు. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, మళ్ళీ కుడి చెయ్యి. వేళ్ళు తుడుచుకుని పెట్టమన్నారు, తుడుచుకుని పెట్టింది. వెనక లైనులో ఎవరో విసుక్కున్నారు. ఇంటికొచ్చి నాతో ఫోన్లో "నా వేళ్ళు అరిగిపోయాయటే" అంది. బూడిదతో, చింతపండుతో అంట్లు తోమిన వేళ్ళు అవి. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ముఖం చూపించి ఇంట్లోంచే సర్టిఫికెట్ ఇచ్చే వీలు, పెన్షనర్ల కోసం ప్రభుత్వం పెట్టిన జీవన్ ప్రమాణ్‌లో 2021 నవంబరు నుంచే ఉంది. ముందే తెలుసుకుని చేయించకపోవడం నా నిర్లక్ష్యం. దానికి కనీసం 5 మెగాపిక్సెళ్ళ కెమెరా కావాలి. చిన్న ట్యాబ్‌కి ముందువైపు ఉన్నది 2, పెద్దదానికి 5.

అవే వేళ్ళు కొట్లో తెర మీద కూడా ఇబ్బంది పెట్టాయి. అమ్మ తాకితే ఒక్కోసారి ఏమీ కదల్లేదు. దాంతో కాలింగ్ బెల్ నొక్కినట్టు గట్టిగా, చాలాసేపు నొక్కింది. అప్పుడు యాప్ తెరుచుకోకుండా ఏదో మెనూ వచ్చింది. "నాకు రాదులే" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. రాకపోవడం కాదమ్మా అని అక్కడే చెప్పాను. ఈ తెరలు నొక్కుడుని పట్టించుకోవు, చర్మంలో ఉండే విద్యుత్తు గుణాన్ని బట్టి పనిచేస్తాయి. పెద్దవయసులో వేలికొస పొడిబారితే తెరకి ఆనవాలు సరిగ్గా అందదు. కుర్రవాడు ఒక తడిగుడ్డ ఇచ్చి, "వేలు కొంచెం అద్దుకోండి అమ్మగారూ, ఇప్పుడు తాకండి" అన్నాడు. వెంటనే పలికింది. ఆ పిల్లవాడు చల్లగా ఉండాలి. ఎన్ని ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇక్కడే చెయ్యి వెనక్కి తీసుకుని ఉంటారో.

సిమ్ పడేదే తీసుకున్నాం. ఇంట్లో కేబుల్ వాళ్ళ నెట్ ఉంది గానీ కరెంటు పోతే అదీ పోతుంది, పైగా అమ్మ రెండు నెలలకోసారి రేపల్లెలో పెద్దమ్మ దగ్గరికి వెళ్తుంది. తమ్ముడు ఐప్యాడ్ కొనమని పట్టుబట్టాడు, మంచి వస్తువే. కానీ ఏదైనా అర్థం కాకపోతే అమ్మ అడిగేది పక్కింటి డిగ్రీ అమ్మాయిని. ఆ పిల్లకి చేయి తిరిగింది ఆండ్రాయిడ్ మీద. నేర్పే మనిషి దగ్గర ఏముందో అదే మనమూ కొనాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సర్దడానికి కూర్చున్నాను. భాష తెలుగులోకి మార్చాను, అక్షరం పెద్దది చేశాను. యాక్సెసబిలిటీలో, వేలు ఎంతసేపు ఉంచితే నొక్కిపట్టినట్టు లెక్క అన్నది ఉంటుంది, దాన్ని బాగా పెంచాను. అమ్మ నిదానంగా తాకినా ఇప్పుడు మెనూలు రావడం లేదు. ముందు పేజీలో నాలుగే ఉంచాను: వాట్సాప్, పుస్తకాలు, కెమెరా, పెన్షన్ యాప్. డబ్బుకి సంబంధించిన యాప్ ఒక్కటి కూడా వేయలేదు. అమ్మే వద్దంది. "డబ్బు సంగతి పాసుపుస్తకంతోనే" అంది. పోలీసులమనీ, సీబీఐ అనీ వీడియోలో భయపెట్టేవాళ్ళ గురించి చెప్పాను. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలోనే లేదు, అలాంటి ఫోనొస్తే పెట్టేసి ముందు నాకు చెయ్యి, డబ్బు పోయిందనిపిస్తే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెయ్యి అన్నాను. ఆ నంబరు తనే స్కెచ్ పెన్నుతో రాసి కవరు లోపల అంటించుకుంది.

మాట్లాడితే రాతగా మారుతుందని చూపిస్తే, పెద్దమ్మకి మొదటి మెసేజ్ చెప్పింది. గొంతు సవరించుకుని, "అక్కయ్యకి నమస్కరించి వ్రాయునది, ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టింది. ఉభయకుశలోపరి మూడు ముక్కలైంది. అమ్మ ఊరుకోలేదు, ఖాళీలు ఎలా తీసెయ్యాలో అడిగి, సరిచేసి, అప్పుడే పంపింది.

రాత్రి ఎనిమిదిన్నరకి తమ్ముడు చేశాడు, వాళ్ళకి పొద్దున పది. చంటిది తెరకి మరీ దగ్గరగా వచ్చి నోరు తెరిచి, ఊడిన పన్ను చోటు చూపించింది. అమ్మ అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది.

ఇప్పుడు పదిన్నర. వసారాలో ఇంకా లైటు వెలుగుతోంది. వ్యాసపీఠం మీద ట్యాబ్, పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు, తడిగుడ్డ. తాతయ్య బైండు చేయించిన సీరియళ్ళలో ఒకటి ఆర్కైవ్‌లో దొరికింది. ఇందాక వెళ్ళి "పడుకోమ్మా" అంటే, ఆగమన్నట్టు చెయ్యి చూపించింది. ఎంతవరకు చదివిందో గుర్తుండాలని పాల లెక్క రాసే క్యాలెండరులో ఈ రోజు గడిలో పెన్సిల్‌తో 37 అని వేసుకుంది.

ఛార్జర్ తీగ వసారా దాకా అందడం లేదు. రేపు పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి, వ్యాసపీఠం పక్కన ఒక ప్లగ్గు పెట్టించాలి.