గండికోట రాళ్ల మీద హామ్ స్టేషన్

గండికోటకు యాంటెన్నా మోసుకెళ్లే హామ్‌లు, అంటే సరదాకి లైసెన్సు తీసుకొని రేడియోలో మాట్లాడుకునేవాళ్లు, మేకులూ సుత్తీ ఇంట్లోనే వదిలేయవచ్చు. పెన్నా నది కోసుకుంటూ పోయిన ఆ కొండ క్వార్ట్‌జైట్ రాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పొరను గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరుతోనే పిలుస్తారు. పలకలు పలకలుగా ఉండే ఆ ఎర్రరాయి కెమెరాకు ఎంత ఇష్టమో రేడియోకు అంత కష్టం. మేకు దిగదు, ఎర్త్ రాడ్ దిగదు, ఏ సందులోనో దిగినా లోపల తేమ ఉండదు. అందుకే సామాను సర్దేటప్పుడు రిగ్ (పంపే, వినే రేడియో పెట్టె) సంగతి తర్వాత చూసుకుందామని, ముందు నేలతో పనిలేని యాంటెన్నా ఏదో తేల్చుకున్నాం.

వెళ్లింది జనవరిలో. ఎండాకాలం ఆ రాళ్ల మీద నల్లటి రిగ్‌ను పెడితే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, కాసేపటికి పవర్ దానంతటదే తగ్గిపోతుంది. వానాకాలం ముందు పిడుగుల భయం ఉంటుంది, చుట్టుపక్కల ఎత్తయిన లోహపు వస్తువు మన తీగ ఒక్కటే అయినప్పుడు అది చిన్న భయం కాదు. కర్నూలులో తెల్లవారుజామునే బయలుదేరి పాణ్యం, బనగానపల్లె, కొలిమిగుండ్ల మీదుగా జమ్మలమడుగు చేరాం. అక్కడి నుంచి కోట 15 కిలోమీటర్లు.

దారిలో హామ్‌లకు మాత్రమే కనిపించే గీత ఒకటుంది. బెలూం గుహలు దాటి కాస్త దక్షిణానికి వస్తే 15వ అక్షాంశం తగులుతుంది. హామ్‌లు భూగోళాన్ని గళ్లుగా (గ్రిడ్లుగా) విడదీసి పేర్లు పెట్టుకున్న మైడెన్‌హెడ్ లెక్కలో కర్నూలు ఎంకే95, గండికోట, కడప ఎంకే94. 78వ రేఖాంశం తాడిపత్రి దగ్గరగా పోతుంది, దానికి పడమర అనంతపురం ఎంకే84. గ్రిడ్లు పోగుచేసేవాళ్లు ఒకే పగలు మూడు గళ్ల నుంచి పిలవగల ప్రాంతం ఇది. గ్రిడ్ పేరును ఫోన్‌లో చూసుకోవడం కంటే, బయలుదేరేముందే అక్షాంశ రేఖాంశాలు కాగితం మీద రాసుకుంటే మంచిది. కొండ మీద డేటా వస్తుందన్న నమ్మకం పెట్టుకోకూడదు.

కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. లోపల గోడలకు, బురుజులకు, చెట్లకు తాడు కట్టే ఆలోచనే వద్దు. మేము ప్రహరీ బయట, లోయ అంచుకు బాగా ఎడంగా ఉన్న ఖాళీ బండను ఎంచుకున్నాం. అంచుకు దగ్గరైతే సిగ్నల్ ఏదో పెరుగుతుందనుకుంటారు కానీ, 40 మీటర్ల బ్యాండులో (తరంగం పొడవు సుమారు 40 మీటర్లు, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర) దగ్గరి ఊళ్లతో మాట్లాడటానికి తరంగం నిట్టనిలువుగా పైకి పోయి రావాలి. లోయ అంచు దానికి పైసా సాయం చేయదు, తాడుతో వెనక్కి నడిచే మనిషికి మాత్రం ప్రమాదం. లైసెన్సు అసలు కాగితం, గుర్తింపు కార్డు జేబులో ఉండాలి. మన పిలుపు పేరు వీయూ2తో మొదలైనా వీయూ3తో మొదలైనా దాని చివర పోర్టబుల్ అని చేర్చాలి. మనమేం చేస్తున్నామో అక్కడున్నవాళ్లకు ముందే చెప్పేస్తే సగం చిక్కులు తీరతాయి. “టవరేమన్నా ఏస్తాండారా సామీ?” అని ఒక మేకల కాపరి అడిగాడు. సాయంత్రానికి విప్పేస్తామని చెబితే, “అయితే తీగలు మా మేకల కాళ్లకు తగలకుండా సూసుకోండి” అన్నాడు. న్యాయమైన మాట. నేల మీద పరిచిన ప్రతి తీగకూ రెండు మూడు గజాలకొక ఎర్ర గుడ్డ పీలిక కట్టాం.

స్తంభం 7 మీటర్ల ఫైబర్‌గ్లాస్ గొట్టం, ఒకదానిలోంచి ఒకటి లాగే రకం. దాని మొదలు నిలబెట్టడానికి ఖాళీ సిమెంటు సంచులు తీసుకెళ్లి అక్కడి రాళ్లతోనే నింపాం. మూడు తాళ్లు, 4 మిల్లీమీటర్ల నైలానువి, స్తంభం ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర కట్టి, 120 డిగ్రీల ఎడంతో మూడు పెద్ద గుండ్లకు చుట్టాం. ఇక్కడ తప్పు జరిగేది ముడిలో కాదు, రాతి అంచులో. క్వార్ట్‌జైట్ విరిగిన చోట చాకులా ఉంటుంది. గాలికి తాడు ఒరుసుకుంటూ ఉంటే గంటలోనే పోగులు లేస్తాయి. రాయికీ తాడుకూ మధ్య గోనెపట్టా మడిచి పెట్టాలి. మధ్యాహ్నం లోయలోంచి గాలి లేచినప్పుడు ఆ పట్టాల విలువ తెలిసింది.

యాంటెన్నా ఇన్వర్టెడ్ వీ డైపోల్: మధ్య భాగం స్తంభం మీదికెత్తి, రెండు వైపులా కిందికి వాల్చిన తీగ. ఇంటి వైరింగుకు వాడే 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ చాలు, మొత్తం 20 మీటర్లు పావుకిలోకు కాస్త పైన తూగుతుంది. పొడవు లెక్క అందరికీ తెలిసిందే: 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో మొత్తం పొడవు. 7.1కి 20.14 మీటర్లు, ఒక్కో వైపు 10.07. ప్లాస్టిక్ తొడుగు ఉన్న తీగకు, అందులోనూ చివరలు నేలకు దగ్గరగా వాలినప్పుడు, రెండు మూడు శాతం తక్కువే పడుతుంది. అయినా పొడవుగానే కత్తిరించుకొని, ఎక్కువైనదాన్ని చివర వెనక్కి మడిచి దానికే మెలేయాలి. కత్తిరించిన తీగను కొండ మీద అతికించలేం. ఒక్కో వైపు 10 సెంటీమీటర్లు మడిస్తే రెజొనెన్స్ (యాంటెన్నా సహజంగా స్పందించే ఫ్రీక్వెన్సీ) సుమారు 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. నానో వీఎన్ఏ (యాంటెన్నాను కొలిచే చిన్న మీటరు) చూపించిన అంకెకూ మనకు కావలసిన అంకెకూ తేడా చూసి ఆ లెక్కన ఒకేసారి మడిస్తే సరిపోతుంది, పదిసార్లు ఎక్కించి దించే పని లేదు. మన దేశంలో ఈ బ్యాండు 7.0 నుంచి 7.2 దాకా, కాబట్టి మధ్యలో 7.1 దగ్గర రెజొనెన్స్ పడితే రెండంచులూ వాడుకోవచ్చు.

స్తంభం ఇంకా ఎత్తుగా ఉంటే బాగుండేదని చాలామంది అనుకుంటారు. బెంగళూరు ఇక్కడికి గీత గీసినట్టు పోతే 220 కిలోమీటర్లలోపు, హైదరాబాదూ చెన్నై రెండూ ఇంచుమించు సమానంగా 290. అంత దగ్గరి ఊళ్లకు 40 మీటర్ల డైపోల్ 6, 7 మీటర్ల ఎత్తులో ఉంటేనే మేలు, శక్తి అంతా పైకి పోతుంది. అయితే పొడిరాతితో ఒక పేచీ ఉంది. తడి నల్లరేగడి నేల అద్దంలా వెనక్కి కొడుతుంది, ఈ రాయి కొంత మింగేస్తుంది. దానికి విరుగుడుగా డైపోల్ కిందనే, అదే దిక్కులో, 21 మీటర్ల తీగ ఒకటి నేల మీద పరిచాం. దేనికీ కలపనక్కర్లేదు. అది రిఫ్లెక్టరుగా పనిచేస్తుంది.

మిత్రుడు 20 మీటర్ల బ్యాండుకు నిలువు యాంటెన్నా తెచ్చాడు: 5.05 మీటర్ల తీగ, గడకు చుట్టి. బండ మీద నాలుగు రేడియల్స్ (ఎర్త్‌కు బదులు చుట్టూ పరిచే తీగలు) పరిచి కొలిస్తే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రిగ్‌కు ఎంత సరిపోలిందో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా సరిపోలినట్టు) 1.1. మీటరు చూసి సంబరపడే చోటు ఇదే, అనుమానించాల్సిన చోటూ ఇదే. మంచి నేల మీద పావు తరంగం నిలువు యాంటెన్నా నిరోధం 36 ఓములు, రిగ్ కోరేది 50, అంటే ఎస్‌డబ్ల్యూఆర్ 1.4 దాకా రావాలి. నిరోధం 50కి దగ్గరగా వచ్చిందంటే మిగతా 14 ఓములూ రాతిలో వేడిగా పోతున్నవే, పంపినదాంట్లో 72 శాతమే గాలిలోకి వెళ్తోంది. రేడియల్స్‌ను రాళ్ల గుట్టల మీద నడుము ఎత్తుకు లేపి, ఒక్కోదాన్ని 5 మీటర్లకు సరిచేశాక ఎస్‌డబ్ల్యూఆర్ చెడింది, రిపోర్టులు బాగుపడ్డాయి. ఎర్త్ మంచిదో కాదో తెలుసుకోవడానికి ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు సరైన పరికరం కాదు. పవర్‌ను ప్రసారం చేయక వేడిగా మార్చేసే డమ్మీ లోడ్‌కూ 1.0 వస్తుంది, దాంతో పక్క వీధికి కూడా మాట్లాడలేం.

రిగ్ నుంచి యాంటెన్నాకు వెళ్లే కోయాక్స్ కేబుల్ 15 మీటర్ల ఆర్‌జీ-58. 40 మీటర్ల బ్యాండులో దాని నష్టం అర డెసిబెల్, పట్టించుకోనక్కర్లేదు. అదే తీగను 145 మెగాహెర్ట్జ్‌కు వాడితే మూడు డెసిబెల్లకు దగ్గరగా, అంటే సగం పవర్ దారిలోనే పోతుంది. డైపోల్ మధ్యలో, కోయాక్స్ మొదట్లో, ఎఫ్‌టీ240-31 ఫెర్రైట్ రింగు మీద ఆర్‌జీ-58నే 12 చుట్లు చుట్టిన చోక్ పెట్టాం. ఇది లేకపోతే కోయాక్స్ పైతొడుగే మూడో కాలై ప్రసారం చేస్తుంది. ఊళ్లో ఎర్త్ ఉంటుంది కాబట్టి చాలామందికి ఆ తేడా తెలియదు. ఇక్కడ ఎర్త్ లేదు, మైకు పెదవికి తగిలితే చురుక్కుమంటుంది, ల్యాప్‌టాప్ కీబోర్డు నిలిచిపోతుంది.

బ్యాటరీ 20 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 12.8 వోల్టులు. లెక్క ఇలా వేసుకోవాలి. 10 వాట్ల రిగ్ వినేటప్పుడు 0.4 ఆంపియర్లు, పంపేటప్పుడు రెండున్నర లాగుతుందనుకుంటే, పావువంతు సమయం మాట్లాడినా సగటు ఒక ఆంపియరు లోపే. రోజంతా వస్తుంది. 100 వాట్ల రిగ్ అయితే మాటల మీద సగటు మూడున్నర, ఆరు గంటలు కూడా కష్టమే. దానికంటే పెద్ద చిక్కు తీగ. 100 వాట్ల దగ్గర రిగ్ 20 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ 3 మీటర్ల దూరంలో ఉండి తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే, రానూపోనూ 6 మీటర్లకు 0.9 వోల్టులు తీగలోనే పడిపోతాయి. 13.8 వోల్టుల రిగ్‌లు చాలావరకు 11.7 కిందికి దిగితే మొరాయిస్తాయి. మాట గట్టిగా అన్నప్పుడల్లా రిగ్ ఆరిపోతుంటే బ్యాటరీని తిట్టేముందు తీగ మందం చూడాలి. 6 చదరపు మిల్లీమీటర్ల తీగతో అది 0.4లోపే. బ్యాటరీని సంచి నీడలో పెట్టాం. 45 డిగ్రీలు దాటిన సెల్‌ను సోలార్ ప్యానెల్‌తో చార్జి చేయకూడదు.

ఇంత మోసుకొని కొండెక్కడానికి అసలు కారణం నిశ్శబ్దం. కర్నూలులో మేడ మీద 40 మీటర్ల బ్యాండులో రొద రిగ్ మీటరు మీద ఎస్7 ఉంటుంది: ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, మేడల మీది సోలార్ ఇన్వర్టర్లు. బండ మీద అదే డైపోల్‌కు ఎస్2. ఐదు ఎస్ యూనిట్లంటే 30 డెసిబెల్లు, 1000 రెట్లు. కానీ ఇక్కడొక మెలిక ఉంది. నిశ్శబ్దం మన చెవులకే, అవతలి మనిషి ఇంకా తన ఊరి రొదలోనే కూర్చున్నాడు. మనకు అతను 59గా, అంటే స్పష్టంగా, బలంగా వినిపిస్తాడు, 10 వాట్లతో మనం అతనికి గొణుగుడులా వినిపిస్తాం. అందుకే తక్కువ పవర్‌తో వెళ్లేవాళ్లకు మోర్స్ గానీ ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే పద్ధతి) గానీ మంచిది. ఎఫ్‌టీ8కి 15 సెకన్ల వంతులు, గడియారం సెకనుకు మించి తప్పితే అవతలివాళ్లు మనల్ని విప్పలేరు. నెట్ లేనిచోట చిన్న జీపీఎస్ రిసీవర్ ల్యాప్‌టాప్‌కు తగిలించాలి. ఆ ల్యాప్‌టాప్ చార్జరు మాత్రం తగిలించకూడదు, సోలార్ కంట్రోలరునూ వినేటప్పుడు ఊడదీయాలి. మైలవరం వైపు పెద్ద సోలార్ పార్కు ఉన్నా మాకు దాని రొద అందలేదు. మా సొంత కంట్రోలరే ఎస్6 తెచ్చిపెట్టింది.

ఉదయం తొమ్మిదింటిదాకా 40 మీటర్లలో బెంగళూరు, చెన్నై, హైదరాబాదు స్టేషన్లు గదిలో కూర్చున్నట్టు వినిపించాయి. పదకొండు దాటాక ఎండ ముదిరి, వాతావరణంలో పైనుండే డి పొర సిగ్నళ్లను మింగడం మొదలుపెట్టింది. అప్పుడు 15 మీటర్ల బ్యాండుకు (21 మెగాహెర్ట్జ్) మారాం. 40 మీటర్ల డైపోల్ మూడో హార్మోనిక్‌లోనూ, అంటే మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలోనూ, పనిచేస్తుంది, అయితే రెజొనెన్స్ సరిగ్గా మూడు రెట్ల దగ్గర కాక కాస్త పైన, బ్యాండు బయట పడుతుంది. కేంద్రం నుంచి రెండు వైపులా మూడున్నర మీటర్ల దగ్గర జానెడు తీగ ముక్క ఒక్కోటి వేలాడదీస్తే 15 మీటర్ల రెజొనెన్స్ మాత్రమే కిందికి దిగుతుంది. ఆ బిందువు 21 మెగాహెర్ట్జ్‌లో వోల్టేజి ఎక్కువగా ఉండే చోటు, 7లో కాదు. అందుకే 40 మీటర్ల రెజొనెన్స్ దాదాపు కదలదు. యాంటెన్నాను రిగ్‌తో సరిపెట్టే ట్యూనరు పెట్టె బరువు తప్పింది.

చేతిలో పట్టుకునే 145 మెగాహెర్ట్జ్ రేడియోల, అంటే హ్యాండీల గురించి ఒక మాట. బండ మీద ఉన్నవాళ్లకు జమ్మలమడుగు వైపు చక్కగా అందుతుంది. నది దగ్గరికి దిగినవాళ్లకు మాత్రం పైన నిలబడ్డవాళ్లు కూడా సరిగా అందరు, మధ్యలో రాతి గోడ ఉంటుంది. జట్టుగా వెళ్తే ఒకరు అంచుకు మరీ దగ్గరగా పోకుండా, కిందివాళ్లకు కనిపించేలా నిలబడి మాట అందించాలి.

సూర్యుడు వాలేకొద్దీ 40 మీటర్ల స్వభావం మారింది. దగ్గరి ఊళ్లు సన్నగిల్లి, దూరదేశాలు లేచాయి. 7.2 పైన విదేశీ బ్రాడ్‌కాస్ట్ కేంద్రాలు విజృంభించి రిసీవరు ముందు భాగాన్ని నింపేశాయి. అప్పుడు సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్ ఆపి, దాన్ని తగ్గించే 10 డెసిబెల్ల అటెన్యుయేటరు వేస్తే మాటలు తేటపడ్డాయి. చాలామంది దీనికి రివర్సుగా ప్రీయాంప్ పెంచుతారు, రొదే పెరుగుతుంది.

వెలుగు ఉండగానే దించేశాం. ముందు రిగ్ ఆపి కోయాక్స్ ఊడదీయాలి, తర్వాత డైపోల్ చివరలు, ఆ తర్వాత గాలికి అడ్డంగా ఉన్న తాడు మినహా మిగతా రెండూ వదలాలి. స్తంభాన్ని అంచు వైపు కాక లోపలికి వాల్చాలి. తీగలను మోచేతికి చుట్టకుండా ఎనిమిది ఆకారంలో చుడితే మళ్లీ విప్పేటప్పుడు మెలికలు పడవు. పీఎల్-259 కనెక్టర్లలో దూరిన ఎర్రదుమ్మును అక్కడే కుంచెతో దులిపి మూతలు పెట్టాలి. ఇంటికొచ్చాక చూద్దామనుకుంటే ఆ దుమ్ము మరలో అరిగి కనెక్టరు పట్టు పోతుంది. సిమెంటు సంచుల్లోని రాళ్లు ఎక్కడివక్కడే పోసేసి, ఎర్ర పీలికలు లెక్కపెట్టి ఏరుకున్నాం. మేకలు గుడ్డ కూడా తింటాయి.