ఓస్లో మ్యూజియం గుమ్మంలో పుర్రెల తెర

నార్వే జాతీయ మ్యూజియం ఓస్లో రేవు దగ్గర బూడిదరంగు రాతి గోడలతో కట్టిన కొత్త భవనంలో 2022 జూన్‌లో తెరుచుకుంది. ఆ ఏడాది చలికాలం మొదలవుతున్న రోజుల్లో, అందరిలాగే నేనూ ‘ది స్క్రీమ్’ గీసిన నార్వే చిత్రకారుడు మూంక్ చిత్రాల కోసమే అక్కడికి వెళ్ళాను. అయితే ప్రవేశ హాలులోనే 400 రెయిన్‌డీర్ (మంచు ప్రాంతపు జింక) పుర్రెలు పైనుంచి తెరలా వేలాడుతూ దారికి అడ్డుపడ్డాయి. దూరానికి అది అలంకారంలా కనిపించింది. దగ్గరికి వెళితే నుదుళ్ళ మీద తూటా రంధ్రాలు కనిపించాయి.

దీన్ని రూపొందించిన కళాకారిణి మారెత్ ఆన్నె సారా ఉత్తర నార్వేలోని కౌటుకెయినో ప్రాంతంలో రెయిన్‌డీర్ మందలను కాచుకొని బతికే, అక్కడి ఆదివాసులైన సామీల కుటుంబంలో 1983లో పుట్టారు. పచ్చిక దెబ్బతింటోందని ప్రభుత్వం 2007 నాటి చట్టం కింద మందలను తగ్గించమన్నప్పుడు, ఆమె తమ్ముడికి 75 జంతువులకు మించి ఉంచుకోరాదన్న ఆదేశం వచ్చింది. అంత చిన్న మందతో ఇల్లు గడవదని అతను కోర్టుకెక్కాడు. 2016లో తానాలోని జిల్లా కోర్టు ఎదుట సారా 200 రెయిన్‌డీర్ తలలను గుట్టపోసి, పైన నార్వే జెండా నిలిపారు. ఉత్తర అమెరికాలో ఆదివాసుల జీవనాధారమైన బైసన్లను (అడవిదున్నల్లాంటి జంతువులను) ఊచకోత కోసి, ఎముకలను కుప్పలు వేసిన 19వ శతాబ్దపు చరిత్రను ఆ గుట్ట గుర్తుచేస్తుంది. తమ్ముడు కింది కోర్టులు రెండింటిలోనూ గెలిచాడు. కేసు సుప్రీంకోర్టుకు వచ్చిన 2017 డిసెంబరులో ఆమె ఈ పుర్రెల తెరను పార్లమెంటు ఎదుట నిలబెట్టారు. అదే నెలలో తీర్పు ప్రభుత్వానికి అనుకూలంగా వచ్చింది.

మ్యూజియం నుంచి ఆ పార్లమెంటు దాకా నడిచి వెళ్ళాను. పెద్ద దూరమేమీ కాదు. ఎవరి ఆదేశాన్ని ఈ తెర నిలదీసిందో, ఆ ప్రభుత్వపు మ్యూజియమే దాన్ని కొని గుమ్మంలో వేలాడదీయడం నాకు మొదట మింగుడుపడలేదు. నిరసనను కొనుక్కోవడం తేలిక, చట్టాన్ని సవరించుకోవడం కష్టం కదా అనిపించింది. కానీ దీన్ని ఏ పై అంతస్తు గదిలోనో పెట్టి ఉంటే, ఆసక్తి ఉన్న కొద్దిమందే చూసి వెళ్ళేవారు. ఇక్కడ మూంక్ కోసం వచ్చిన నాలాంటివాళ్ళు కూడా సామీ కాపరుల తగాదాను దాటుకునే లోపలికి వెళ్ళాలి.